నవ్వితే రాగానికి మైల అంటుతుందా?

సంగీతం, నాట్యం, నాటకం మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ, కచేరీలో హాస్యం ఉండొచ్చా, అలా చేస్తే కొత్తవాళ్లు వస్తారా అని. అందుకని మిగతావన్నీ వచ్చే సంచికకు తోసేసి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను, వయొలిన్ నేర్చుకుంటున్నాను. కచేరీల్లో జరిగే తమాషాల మీద చిన్న చిన్న వీడియోలు చేసి పెడుతుంటాను. శ్రుతి చేసుకోవడానికే పావుగంట తీసుకునే ఆయన, ఒళ్లో తాళం తప్పు వేస్తూ పక్కవాళ్లని కూడా తప్పించే ఆవిడ, ఇలాంటివి. బాగానే చూస్తున్నారు. మా గురువుగారికి తెలిసి "సరస్వతితో ఆటలా?" అని కోప్పడ్డారు. మానేయాలా?
– వయొలిన్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: మానేయొద్దమ్మా. మీ గురువుగారి కోపం కూడా అర్థం లేనిది కాదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

నువ్వు చేస్తున్నది సంగీతం చుట్టూ ఉన్న మనుషుల మీద హాస్యం. తప్పేం లేదు, సభలో కూర్చున్న ప్రతివాళ్లకీ ఆ పావుగంట శ్రుతి తెలుసు. కాకపోతే ఆ సరుకు తొందరగా అయిపోతుంది, పైగా నీ వీడియో చూసినవాళ్లు నవ్వుకుని వెళ్లిపోతారే గానీ వాళ్ల చెవిలో ఒక్క స్వరం కూడా మిగలదు. చేతిలో వయొలిన్ ఉన్నదానివి, ఆ నవ్వేదో కమానులోంచే రావాలి.

అలెక్సీ ఇగుడెస్మన్ అని వయొలిన్ వాయించే ఆయన, హ్యుంగ్-కీ జూ అని పియానో వాయించే ఆయన ఒక జంట ఉన్నారు. ఇంగ్లండులో వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ స్థాపించిన స్కూల్లో పన్నెండేళ్ల వయసులో కలిశారు. వాళ్ల ప్రదర్శనలో రష్యన్ స్వరకర్త రాఖ్మానినోవ్ రాసిన ప్రెల్యూడ్ (చిన్న పియానో రచన) ఒకటి ఉంటుంది. రాఖ్మానినోవ్ చేతులు చాలా పెద్దవి, ఆయన రాసిన కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) కొన్ని మామూలు చేతికి అందనే అందవు. జూ మామూలుగానే మొదలుపెడతాడు, చెయ్యి చాలని చోటు రాగానే ఇగుడెస్మన్ పక్కనుంచి ఒక చెక్క పట్టీ అందిస్తాడు. ఆ చెక్క అడుగున, ఆ కార్డ్‌కి ఏయే మెట్లు నొక్కాలో సరిగ్గా అక్కడక్కడే చిన్న కర్రముక్కలు బిగించి ఉంటాయి. చెక్క అందుకోవడం, మెట్ల మీద మోపడం, తిరిగిచ్చేసి ఇంకోటి అందుకోవడం, ఇదంతా పాట నడుస్తుండగానే. జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వుతూనే ఆ కార్డ్స్ ఎంత వెడల్పో, వాటిని ఉత్త చేతులతో వాయించేవాళ్లు ఎంత కష్టపడతారో కళ్లారా చూస్తారు. ఏ పాఠంలోనూ అంత బాగా చెప్పలేరు.

ఇక మీ గురువుగారి మాట. ఆయన భయం ఏమై ఉంటుందంటే, వేళాకోళం అలవాటై సాధన వెనకబడుతుందని. నిజానికి ఇది రెట్టింపు సాధన అడిగే పని. మొజార్ట్ 1787లో పనిగట్టుకుని చెడ్డ సంగీతం రాశాడు, సరుకు లేనివాడు రాస్తే ఎలా ఉంటుందో, చేతకానివాళ్లు వాయిస్తే ఎలా ఉంటుందో చూపించడానికి. హార్న్‌లు అపస్వరాలు పలుకుతాయి, వయొలిన్ ఒంటరిగా పైపైకి పోయి దారి తప్పుతుంది, చివరికి ఒక్కొక్కరూ ఒక్కో శ్రుతిలో వచ్చి ఆగుతారు. అది నవ్వు రావాలంటే ప్రతి తప్పూ రాసిన చోటే పడాలి, ఒక్క తప్పు అదనంగా దొర్లినా జనానికి ఏది జోకో ఏది పొరపాటో తెలియదు. తప్పుని సరిగ్గా పలికించడం అంటే అదీ. గురువుగారి దగ్గరికి వీడియో తీసుకెళ్లకు, వయొలిన్ తీసుకెళ్లు. ముందు వర్ణం (సాధనకి వాయించే రచన) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, వాయించి వినిపించు, ఆ తర్వాత నీ ఆలోచన చెప్పు. ఇంకొక్క మాట, చూసినవాళ్లు ఫలానా ఆయనే అని గుర్తుపట్టేలా ఎవరినీ అనుకరించకు. అలా నవ్వించుకున్న నవ్వు ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపవుతుంది.

ప్రశ్న: నలభై ఏళ్లుగా కచేరీలు వింటున్నాను. ఈ మధ్య ప్రతిదీ కామెడీ చేస్తేగానీ జనం రారన్నట్టు మాట్లాడుతున్నారు. శాస్త్రీయ సంగీతం ఉపాసన. దాన్ని నవ్వులాట చేయడం దిగజార్చడం కాదా? మహా విద్వాంసులెవరైనా ఇలాంటి పని చేశారా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, చేశారు. మన దగ్గరే చేశారు.

ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) విజయనగరం సంగీత కళాశాలకి మొట్టమొదటి ప్రిన్సిపాల్. లయలో ఆయన్ని అందుకోగలిగిన మనిషి లేడని చెప్పుకునేవారు, ఒకేసారి ఐదు తాళాలు చూపించేవారని 'పంచముఖి పరమేశ్వర' బిరుదిచ్చారు. అంతటి విద్వత్తునీ ఆయన ఎక్కడ పెట్టారు? హరికథలో. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, పక్కన వయొలిన్, మృదంగం, ఎదురుగా పండితుడూ పాలేరూ ఒకే చాప మీద. ఆ ప్రక్రియలో పిట్టకథ అని ఒకటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కథ మంచి ఊపులో ఉండగా దాసుగారు చిడతలు ఆపి, వెనక వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన వంక చూసి, అత్తాకోడళ్ల ముచ్చటో పిసినారి సంగతో ఎత్తుకుంటారు. పందిరంతా గొల్లుమంటుంది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే "శ్రీమద్రమారమణ గోవిందో…" అని ఎత్తుకుంటే జనం "హరి!" అంటారు, వయొలిన్ అదే శ్రుతిలో సిద్ధంగా ఉంటుంది, మరుక్షణంలో మళ్లీ అశోకవనంలో సీతమ్మ. నవ్విన కళ్లే తడవుతాయి. ఆ నవ్వు వల్ల మనసు కాస్త వదులైంది కాబట్టే ఆ తర్వాతి పద్యం లోపలిదాకా దిగుతుందని నా గట్టి నమ్మకం.

బుర్రకథలోనూ అంతే, కథకుడికి అటూ ఇటూ గుమ్మెట్లు పట్టుకున్న వంతలిద్దరిలో ఒకరికి హాస్యం, ఇంకొకరికి రాజకీయం అని పని పంచే ఉంటుంది. షేక్ నాజర్‌గారు దాన్ని ఎంత ఎత్తుకి తీసుకెళ్లారో మీ తరానికే బాగా తెలుసు. త్యాగరాజస్వామి రాసిన 'నౌకాచరిత్రం' చూడండి, కృష్ణుడు గోపికల్ని పడవెక్కించి, తుఫాను తెప్పించి, చిల్లు పడితే మీ బట్టలతో పూడ్చండని వాళ్లని ఆట పట్టిస్తాడు. ఉపాసన చేసినవాడికి ఆ చనువుంటుంది మాస్టారూ.

బయటి ఉదాహరణ కావాలంటే లండన్‌లో 1956 నవంబరులో గెరార్డ్ హాఫ్‌నంగ్ అనే కార్టూనిస్టు రాయల్ ఫెస్టివల్ హాల్లో ఒక హాస్య సంగీతోత్సవం పెట్టాడు. మాల్కమ్ ఆర్నాల్డ్ అనే స్వరకర్త దానికోసం ఆర్కెస్ట్రాతో పాటు మూడు వాక్యూమ్ క్లీనర్లు, నేల పాలిష్ చేసే మెషిను, తుపాకులు కలిపి ఒక ఓవర్చర్ (మొదట్లో వాయించే ఆర్కెస్ట్రా రచన) రాశాడు. ఆ వేదిక మీదే డెనిస్ బ్రెయిన్ తోటకి నీళ్లు పెట్టే రబ్బరు గొట్టం పట్టుకుని కచేరీ చేశాడు. ఆ రోజుల్లో హార్న్ వాయించడంలో ప్రపంచంలో ఆయనకి సాటి వచ్చేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గొట్టంలోంచి కూడా స్వరం స్వరంలాగే వచ్చింది, జనం నవ్విందీ అందుకే, చప్పట్లు కొట్టిందీ అందుకే.

మీరన్న దిగజారుడు లేదని నేననను. సంగీతం రానివాడు సంగీతాన్ని వెక్కిరిస్తే దిగజారుడే. దానికి మీరెంత కోప్పడినా మీ పక్కనే నిలబడతాను.

ప్రశ్న: మా పాప పియానో నేర్చుకుంటోంది. క్లాసు అంటేనే టెన్షన్ పడేది. వాళ్ల టీచర్ విక్టర్ బోర్గ్ అనే ఆయన పాత వీడియోలు చూపించారట, అప్పట్నుంచి పియానో వదలడం లేదు. ఎవరండీ ఈయన? నిజంగా పెద్ద పియానిస్టా, కమెడియనా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: ఆ టీచరమ్మకి నా తరఫున నమస్కారం చెప్పండి.

బోర్గ్ రెండూనండీ. 1909లో కోపెన్‌హాగెన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. నాన్న రాయల్ డేనిష్ ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), అమ్మ పియానో. ఎనిమిదేళ్లకే కచేరీ చేసిన పిల్లవాడు, పెద్దయ్యాక పియానో మధ్యలో కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు, ఆ కబుర్లలో నాజీల మీద జోకులు కూడా వేశాడు. 1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం డెన్మార్క్‌లో దిగినప్పుడు అదృష్టం కొద్దీ స్వీడన్‌లో ప్రోగ్రాములో ఉన్నాడు. అక్కణ్నుంచి ఫిన్లండ్ చేరి అమెరికా ఓడెక్కాడు, దిగేసరికి జేబులో 20 డాలర్లు, ఇంగ్లీషు ముక్క రాదు. సినిమా హాళ్లలో కూర్చుని సినిమాలు చూసి భాష నేర్చుకున్నాడు. పదమూడేళ్లు తిరిగేసరికి బ్రాడ్‌వేలో ఒక్కడే పియానో ముందు కూర్చుని చేసే ప్రదర్శన మొదలుపెట్టాడు, 1953 అక్టోబరు నుంచి 1956 జనవరి దాకా 849 ప్రదర్శనలు. ఒక్క మనిషి, ఒక్క పియానో.

మీ పాపకి ఎందుకు పట్టుకుందో నాకు తెలిసినట్టే ఉంది. ఆయన చేసేది ఒకటుంది. స్టాండు మీద నోట్స్ పెట్టుకుని గంభీరంగా వాయించడం మొదలెడతాడు, అదేదో వింత ట్యూను, ఎక్కడా విన్నట్టుండదు. ఆయనకీ అనుమానం వస్తుంది, నోట్స్ వంక తేరిపార చూస్తాడు. కాగితం తలకిందులుగా ఉంది! తిప్పి పెట్టుకుని వాయిస్తే అందరికీ తెలిసిన రొస్సినీ 'విలియం టెల్' ఓవర్చర్ దూకుతుంది. నవ్వొస్తుంది సరే, పాప ఇక్కడ ఇంకోటి కూడా గమనించి ఉంటుంది, ఆ తలకిందుల ట్యూను ఏదో గోకడం కాదు, అసలు ట్యూనునే తిరగేసింది. అలా తిరగేసి వాయించాలంటే వేళ్ల మీద ఎంత అదుపుండాలి! అలాగే పుట్టినరోజు పాటని మొజార్ట్ రాస్తే ఎలా ఉండేది, బ్రామ్స్ రాస్తే ఎలా ఉండేది అని వాయిస్తాడు. పాట అందరికీ వచ్చిందే, కాబట్టి మారుతున్నది బాణీ ఒక్కటే అని పిల్లలు కూడా ఇట్టే పట్టేస్తారు. ఇంట్లో మన పిల్లలతోనూ ఇది ఆడుకోవచ్చు, వాళ్లకి బాగా వచ్చిన పాట ఎత్తుగడ ఒకటి తీసుకుని మోహన రాగంలో ఒకసారి, అదే శుభపంతువరాళిలో ఒకసారి పాడించండి, రెండోసారి అదే పాట ఏడుపుమొహం పెట్టేస్తుంది, పిల్లలు పడీపడీ నవ్వుతారు, రాగమంటే ఏమిటో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

టెన్షన్ తగ్గడానికి కారణం కూడా ఇదే అనుకుంటాను. తప్పు వాయిస్తే తిడతారని భయపడే పిల్లకి, ఒక మహానుభావుడు స్టూలు మీంచి కింద పడి లేచి, సీటు బెల్టు తీసి కట్టుకుని, మళ్లీ వాయించడం చూస్తే ఎంత ధైర్యం వస్తుందో. బోర్గ్ తొంభై దాటాక కూడా వేదికలెక్కుతూనే ఉన్నాడు, 2000 డిసెంబరులో పోయాడు. ఒక్క జాగ్రత్త, జోకులున్న ముక్కలతో ఆపేయకుండా ఆయన ఏ జోకూ లేకుండా పూర్తిగా వాయించినవి కూడా వెతికి చూపించండి.

ప్రశ్న: మాది చిన్న సభ. పోయిన ఏడాది వార్షికోత్సవంలో జనం కోసం కచేరీ మధ్యలో ఒక మిమిక్రీ కళాకారుడిని పెట్టాం. జనం వచ్చారు, ఆ ఐటమ్ అయ్యాక సగం మంది లేచిపోయారు, పాడుతున్న విద్వాంసురాలు చిన్నబుచ్చుకున్నారు. మళ్లీ చేయాలా వద్దా?
– సభ కార్యదర్శి, విశాఖపట్నం

జవాబు: అలా అయితే వద్దు. ఆవిడ చిన్నబుచ్చుకోవడంలో న్యాయం ఉంది. సంగీతం బోరు కొడుతుందని మీరే ఒప్పుకుని మధ్యలో ఇంకోటి పెట్టినట్టయింది. హాస్యం పప్పులో పోపులా కలిసిపోవాలి, మీరు విస్తరి చివర ఊరగాయలా విడిగా వడ్డించారు, ఇష్టమైనవాళ్లు అదొక్కటే తిని లేచారు.

కలిపి చేయడం ఎలా ఉంటుందో పీటర్ షికెలీ చూపించాడు. అమెరికాలో స్వరకర్త, 'పి.డి.క్యూ. బాక్' అని జర్మన్ స్వరకర్త బాక్ వంశంలో లేని ఒక కొడుకుని కల్పించి, ఆ పేరు మీద 1965 నుంచి హాస్య కచేరీలు చేశాడు, 1990 నుంచి వరసగా నాలుగేళ్లు గ్రామీ కూడా వచ్చింది. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది బెథోవెన్ ఐదో సింఫనీకి ఆటల కామెంటరీ. ఆర్కెస్ట్రా నిజంగానే మొదటి భాగం వాయిస్తుంటుంది, ఇద్దరు కామెంటేటర్లు స్టేడియంలో కూర్చున్నట్టు అరుస్తుంటారు, అదిగో మొదటి థీమ్ మళ్లీ వచ్చింది, హార్న్ తప్పు పలికింది, అందరూ ఆగిపోయారు గానీ ఓబో (సన్నాయి లాంటి వాద్యం) ఒక్కడే సాగదీస్తున్నాడు అని. విన్నవాడికి ఆ సింఫనీ కట్టుబడి మొత్తం తెలిసిపోతుంది, తెలిసినట్టు కూడా తెలియదు.

మీ సభలో తని ఆవర్తనానికి, అంటే లయవాద్యాలు మాత్రమే వాయించే భాగానికి, ఇలాంటిది చేసి చూడండి. కచేరీలో లేచి కాఫీకి వెళ్లేది అప్పుడేగా. మృదంగం, ఘటం ఒప్పుకుంటేనే సుమా. ముందు రెండు నిమిషాలు లయ తెలిసిన సరదా మనిషి ఒకరు క్రికెట్ కామెంటరీ ధోరణిలో చెప్పాలి, ఇద్దరూ మాటకి మాట ఎలా అప్పజెప్పుకుంటారో, మోరా అనే లయ ముక్క మూడుసార్లు వచ్చి ఎడుపు దగ్గర, అంటే పాట ఎత్తుకున్న చోట, ఎలా దిగాలో, దిగకపోతే ఏమవుతుందో వాయించి చూపిస్తూ. ఆ తర్వాత కామెంటరీ బంద్, అసలు తని నిశ్శబ్దంగా వినాలి. ఆ చివరి మోరా సరిగ్గా ఎడుపుకి పడగానే కొత్తవాళ్లు ఎలా ఎగిరి చప్పట్లు కొడతారో చూడండి. మాట్లాడగలిగిన విద్వాంసులైతే వాళ్లనే మాట్లాడనివ్వండి, ఇంకా మంచిది. ఆలాపనలోనూ (మాటల్లేకుండా రాగం పాడేటప్పుడు) నెరవులోనూ (ఒకే పంక్తిని రకరకాలుగా పాడేటప్పుడు) మాత్రం ఎవరూ నోరు మెదపకూడదు.

ప్రశ్న: ఇవన్నీ చూసి నవ్వినవాళ్లు నిజంగా కచేరీకి వస్తారా? నాకైతే నమ్మకం లేదు.
– గాత్ర కళాకారుడు, తిరుపతి

జవాబు: ఎక్కువమంది రారు. కొందరొస్తారు, ఆ కొందరు వేరే ఏ దారిలోనూ వచ్చి ఉండేవాళ్లు కాదు. అర్జెంటీనాలో 'లెస్ లూథియేర్స్' అనే బృందం డబ్బాలూ గొట్టాలతో తామే తయారుచేసుకున్న వాద్యాల మీద శాస్త్రీయ బాణీల్ని వాయించి నవ్విస్తూ 1967 నుంచి 2023 దాకా థియేటర్లు నింపింది. అంతకాలం జనం ఊరికే రారు. కానీ నవ్వు తలుపు తీస్తుందంతే, లోపల కూర్చోబెట్టే బాధ్యత మీది. కొత్తవాడికి ఉన్న భయాలు చాలా చిన్నవండీ, ఎప్పుడు చప్పట్లు కొట్టాలి, మధ్యలో లేవొచ్చా, తల ఊపకపోతే ఏమనుకుంటారు అని. వేదిక మీంచి విద్వాంసుడే నవ్వుతూ ఒక మాట చెప్తే ఆ భయం పోతుంది. మీ తర్వాతి కచేరీ తేదీ కూడా ఆ నవ్వించిన రోజే చెప్పండి, నెల తర్వాత చెప్తే ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: హాస్యానికి ప్రత్యేకంగా స్వరాలున్నాయా?
– సంగీతం డిప్లొమా విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నాట్యశాస్త్రం చెప్తుంది, హాస్యానికీ శృంగారానికీ మధ్యమ పంచమాలు (మ, ప) ప్రధానంగా ఉండాలని. పరీక్షలో రాయండి, మార్కులొస్తాయి. వేదిక మీద మాత్రం ఏ స్వరమైనా నవ్విస్తుంది, వింటున్నవాడు అక్కడ వేరే స్వరం కోసం ఎదురుచూస్తుంటే చాలు.

ప్రశ్న: ఇంట్లో పిల్లలకి మొదట ఏది వినిపించమంటారు? సంగీతం ఎవరికీ రాదు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: హైడన్ అనే స్వరకర్త 1781లో రాసిన క్వార్టెట్ (నాలుగు వాద్యాల రచన) ఒకటుంది, ఆయన రచనల వరసలో ఓపస్ 33 అనే సంపుటంలో రెండోది, దాన్ని 'జోక్' అనే పిలుస్తారు. చివరి భాగం ఒక్కటే వినిపించండి, నాలుగు నిమిషాల లోపే. ట్యూను చాలా సులువు, రెండుసార్లు వింటే పిల్లలు కూనిరాగం తీసేస్తారు. చివర్లో హైడన్ ఆ ట్యూనుని ముక్కలు చేసి మధ్యమధ్యలో ఆపుతాడు. అయిపోయిందనుకుంటే అవదు, మళ్లీ ఇంకో ముక్క. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, అంతా సద్దుమణిగాక ట్యూను మొదటి ముక్క మెల్లిగా ఇంకోసారి వచ్చి అక్కడే ఆగిపోతుంది. ముందుగా ఏమీ చెప్పకండి, అయిపోయిందనుకున్న వెంటనే చప్పట్లు కొట్టాలని మాత్రం పందెం పెట్టండి. ఫోన్‌లో వినిపించేటట్టయితే స్క్రీన్ కనపడకుండా బోర్లా పెట్టండి, ఇంకా ఎంత మిగిలిందో చూసేస్తారు.